మూడో తరగతి కట్ట

రుక్కమ్మ గడప దాటి లోపలికి రాలేదు. బండి దిగినచోటే, వాకిట్లో, తన సామాను మూటలకు ఆనుకుని కూర్చుంది. పొద్దుటినుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

బండి తోలుకొచ్చింది తమ్ముడు కిష్టప్పే. ఒప్పించి తెచ్చిందీ అతనే. "రెండు దినాలే అక్కా. ఇంజనీరు సారు కుంట కట్ట చూసి పోయేదాంక. ఆయెన్క నేనే దింపొస్త" అని చెప్పాడు. ఆ మాట మీదే ఆమె సర్దుకుని బండెక్కింది. అందుకే కాబోలు, అతను ఇంకా ఎడ్ల మెడల మీంచి కాడి దించలేదు. దించితే ఆ రెండు దినాల మాట అబద్ధమైపోతుందని భయం.

అరుగు మీద మంచంలో అన్న మాణిక్యప్ప తంబాకు నలుపుకుంటున్నాడు.

"లోపటికి రమ్మను దాన్ని" అన్నాడు తమ్ముడితో, చెల్లెలి మొహం చూడకుండా. "వాకిట్ల గట్ల కూసుంటె ఊరోళ్లు ఏమనుకుంటరు? మొగడు లేని చెల్లెను ఎల్లగొట్టిండంటరు."

"ఎల్లగొట్టలేదా మరి?" అంది రుక్కమ్మ.

"ఎల్లగొట్టేటోడు ఇంటికి తోలుకొస్తడా? నువ్వు పుట్టిన ఇల్లే గద ఇది."

"గట్లయితే నా ఇంట్ల బర్రెలను ఎందుకు కట్టేపిచ్చినవ్?"

కిష్టప్ప తలెత్తాడు. ఈ సంగతి అతనికి తెలియదు.

"నీకు తెల్వదా?" రుక్కమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "బండి కట్ట మలుపు తిరిగిందో లేదో, మీ జీతగాడు రెండు బర్రెలను తోలుకొచ్చి నా అర్రల కట్టేసిండు. నేను ఎనక్కి తిరిగి చూసిన. నువ్వు చూడలే. నువ్వెన్నడు ఎనక్కి తిరిగి చూసినవ్ గనక."

మాణిక్యప్ప తంబాకు దవడకు పెట్టుకున్నాడు. "సారుకు బర్రెల కొట్టమని చెప్పాలంటె కొట్టం లెక్కనే కనబడాలె గద. ఖాళీ ఇల్లు చూస్తె సారు సవాలక్ష అడుగుతడు. బర్రె ఉంటె ఏమడుగుతడు?"

"నా పొయ్యి?"

"పొయ్యిదేముందే? మట్టికి కరువా? మళ్ల వేసుకోవచ్చు."

పొయ్యి పలగ్గొట్టారని వేరే చెప్పనక్కర్లేకపోయింది. మాణిక్యప్ప భార్య ఇంద్రమ్మ చాయ గ్లాసు తెచ్చి ఆడబిడ్డ పక్కన పెట్టి, లోపలికి పోయింది. చాయలో ఈగ పడింది. ఎవరూ తీయలేదు.

ఆ కుంట వాళ్ల తండ్రి సిద్రామప్ప పోయించింది. సొంత పట్టా భూమిలో, వానలకు పారే ఒర్రెకు అడ్డంగా, సొంత మనుషులతో పోయించిన మట్టికట్ట. సర్కారుది అందులో పిడికెడు మట్టి లేదు. ఐదో తరగతిలో ఉన్న కిష్టప్పను బడి మాన్పించి నెత్తికి తట్ట ఎత్తింది ఆ కట్ట కోసమే. భర్త చనిపోయాక రుక్కమ్మ బీదర్ దిక్కునున్న అత్తగారి ఊరినుంచి తిరిగొచ్చినప్పుడు, కట్ట కింద ఊటబావి పక్కన జాగా చూపించి ఇల్లు వేయించింది కూడా సిద్రామప్పే. ఇచ్చింది నోటి మాటతో. నోటి మాట ఆ నోరున్నంత కాలమే చెల్లింది.

తర్వాత ఆమె ఇంటి చుట్టూ కూలి చేసుకునే మొగులయ్యవాళ్లవి అయిదారు ఇండ్లు లేచాయి. చెరుకు కొట్టాలన్నా, గడ్డి పీకాలన్నా పిలిస్తే పలికేంత దగ్గరలో ఉంటారని మాణిక్యప్పే రానిచ్చాడు. ఎండాకాలం వాళ్లంతా పట్నం పోయి మట్టిపనులు చేసుకుని, తొలకరి పడే మిర్గం కార్తెకు తిరిగొస్తారు. ఇప్పుడు ఆ ఇండ్లకన్నింటికీ తాళాలే.

"సారుకు కనబడేదాన్ని నేనొక్కదాన్నే" అంది రుక్కమ్మ. "అందుకే నన్ను మోసుకొచ్చిండ్రు."

"అవ్. దాపరికమేముంది?" అన్నాడు మాణిక్యప్ప. "నువ్వు ఆడ ఉంటె మన కట్ట మొదటి తరగతి. నువ్వు ఈడ ఉంటె మూడో తరగతి. కట్ట గదే, నీళ్లు గవే. సర్కారు లెక్క గట్లుంటె నన్నేం జెయ్యమంటవ్?"

ఆ లెక్క కిష్టప్పకు కూడా మొదట తలకెక్కలేదు. నిరుడు వానల్లో ఎక్కడో ఒక పట్టా కుంట తెగి కింది గుడిసెలు కొట్టుకుపోయాక, ఊరూరా తిరిగి సొంతదారుల కట్టలన్నిటినీ తరగతులుగా విడగొట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. తాలూకా పోయి మండలం వచ్చిన కొత్త రోజులు. చలికాలంలో ఒకసారి ఇంజనీరు రోడ్డు మీదే జీపు ఆపి చెప్పిపోయాడు. కట్ట గట్టిదా, బలహీనమా అన్నది కాదు తరగతి. తెగితే ఎవరు పోతారన్నదాన్ని బట్టి తరగతి. కింద మనుషులుంటే మొదటిది. ఊరి బాటో, పక్కవాళ్ల పొలాలో ఉంటే రెండోది. సొంతదారుడి పంట తప్ప మరేమీ పోదంటే మూడోది. మొదటి తరగతి పడితే వానలకు ముందే మత్తడి సరిచేయాలి, కట్ట లావు చేయాలి. చేయకపోతే సర్కారే గండి కొట్టి నీళ్లు వదిలేస్తుంది.

వానాకాలం నీళ్లు ఎక్కువైనప్పుడు పొర్లిపోవడానికి కట్ట ఒక కొసన రాతితో కట్టిన దారి మత్తడి. కుంటకు ప్రాణం అదే. గొడవంతా కూడా అక్కడే ఉంది.

"మత్తడి మీద నువ్వు వేసిన సిమెంటు పలగ్గొట్టు" అంది రుక్కమ్మ. "నేను మొదటి తరగతైతే ఏంది, పదో తరగతైతే ఏంది? నాయిన ఉన్నప్పుడు ఎట్ల జేస్తుండె? వానలు ఎనుకపట్టినంక రాళ్లు పేర్చి రేగడి మెత్తుతుండె. మిర్గం రాకముందే ఒక్కొక్క రాయి తీసేపిస్తుండె. ఆయెన్కనే కట్టమైసమ్మకు కోడిని కోస్తుండె."

"ఇప్పుడు కోస్తలేనా?"

"కోస్తున్నవ్. రాళ్లు తీస్తలేవ్."

కిష్టప్పకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. నిజమే. చెరుకు పెట్టిన ఏడే మాణిక్యప్ప మత్తడి మీద మూరెత్తు రాళ్లను సిమెంటుతో పాతేయించాడు, ఎండాకాలం కూడా నీళ్లు నిలవాలని. కానీ మిర్గం ముందు పూజ మాత్రం మానలేదు. సిమెంటు గట్టుకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, చెయ్యి తాకించి మొక్కి, కోడిని కోసుకుని ఇంటికొస్తాడు. రాళ్లు తీసే పని పోయింది. కూర మిగిలింది.

"అది పలగ్గొడ్తె చెరుకు ఎండుతది" అన్నాడు మాణిక్యప్ప.

"పలగ్గొట్టకపోతె నేను కొట్టుకపోత."

"ఇన్నేండ్లల్ల కొట్టుకపోయినవా?"

"కొట్టుకపోయినంక వచ్చి చెప్తనా నీకు?"

"నోరు మస్తు లేస్తుందే నీకు! నాయిన గారాబం చేసి—"

"సాకు!" అంది రుక్కమ్మ. కోపమొస్తే 'చాలు' అనడానికి కూడా ఆమెకు అత్తగారి ఊరి కన్నడ మాటే వచ్చేది. "సాకు తియ్యి. నాయిన పేరు నీ నోట్లకెల్లి రావద్దు."

ఎడ్లు మెడలు విదిలిస్తే గంటలు మోగాయి. కిష్టప్ప అక్క వైపు చూడలేక కాడి దించాడు.

*

లోపల వంటింట్లో కిష్టప్ప భార్య భీమమ్మ జొన్నరొట్టె కొడుతోంది. అతను వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పొద్దుగాల అన్న పిలిచి ఏమో చెప్పిండట గద?" అంది రొట్టె మీంచి చూపు తీయకుండా.

"పంపకాలు చేద్దామన్నడు. దసరాకు."

చెయ్యి ఆగింది. ఇరవై ఏళ్లుగా భీమమ్మ అడుగుతున్నది అదే. వేరే పొయ్యి. తన గిన్నెలో తను ఉప్పు వేసుకునే హక్కు. పిండి చేతులతోనే ఇటు తిరిగింది. మొహంలో వెలుగు దాచుకోలేకపోయింది.

"నిజంగ? ఏం ఇస్తనన్నడు?"

"తూము కింది చెక్క."

"తూము కింది చెక్కంటె మంచి నీళ్ల భూమి గద! గదెట్ల ఒప్పుకున్నడు నీ అన్న?" అంటూనే ఆమె గొంతు తగ్గిపోయింది. మాట నోట్లోనే తిరిగి ఆమెకే అర్థమైంది. "తూము కింది చెక్కంటె... వదినె ఇల్లున్న చెక్కనే గద?"

కిష్టప్ప తల ఊపాడు.

"ఇంకేమన్నడు?"

"సారు అడిగితె తనెట్ల చెప్తె నన్ను గట్లనే చెప్పమన్నడు. పట్టాల నా పేరు కూడ ఉన్నది. నన్ను కూడ అడుగుతరట."

భీమమ్మ మళ్లీ రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు కొట్టి ఆపింది.

"నాకు వేరే పొయ్యి కావాలె. కావాలనే ఇన్నొద్దులు కొట్లాడిన. గని ఆమె పొయ్యి పలగ్గొట్టి ఆ జాగల నాకు పొయ్యి వేస్తవా?"

"మరి ఏం చెప్పాలె? నువ్వే చెప్పు. లేదంటె జీవితమంత గీ ఇంట్ల జీతగాని లెక్క పడి ఉంటం. గదన్న చెప్పు."

పెనం మీది రొట్టె మాడింది. మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది. అది ఎవరి పళ్లెంలోకి వస్తుందో కిష్టప్పకు తెలుసు.

*

జీపు ఎండ తిరిగాక వచ్చింది. ఇంజనీరు దేవానందం తలకు రుమాలు చుట్టుకుని, గొడుగు వేసుకుని దిగాడు. వెనక గొలుసు పట్టుకుని కొలిచేవాడు ఒకడు. మాణిక్యప్ప కల్హేరు సంతలో కొన్న కొత్త తువ్వాల భుజాన వేసుకుని ఎదురుపోయాడు. కిష్టప్ప నాలుగడుగులు వెనక నడిచాడు. పుట్టినప్పటినుంచీ అతని నడక అంతే.

కట్ట పొడవు, ఎత్తు కొలిచారు. మత్తడి దగ్గర దేవానందం వంగి, సిమెంటు గట్టును చెప్పు కాలితో తట్టాడు.

"ఇది ఎప్పుడు వేశారు?"

"మా నాయిన కాలంల సార్."

"మీ నాయన కాలంలో ఇట్లా నున్నటి సిమెంటు ఉందా ఇక్కడ?"

"ఆయన షోకిలా మనిషి సార్" అన్నాడు మాణిక్యప్ప.

దేవానందం నవ్వలేదు. కట్ట అంచుకు వచ్చి కిందికి చూశాడు. "అవేంటి? ఇళ్లలా ఉన్నాయే."

"కొట్టాలు సార్. బర్రెల కొట్టాలు."

"తాళాలు వేసి ఉన్నాయి?"

"గడ్డి, ఎరువు సంచులు ఉంటయ్ సార్. దొంగల కాలం."

"సరే. ఆ తెరిచి ఉన్నదాని ముందు ముగ్గేశారేంటి? పశువుల కొట్టానికి కూడా ముగ్గేస్తారా మీ ఊళ్లో?"

పొద్దున్నే బండెక్కే ముందు కూడా అక్క వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గు వేసింది. రెండు దినాలే గద అనుకుని, ఇల్లు ఇల్లులాగే వదిలివచ్చింది. బర్రెలను కట్టేసినవాడికి అది చెరపాలని తోచలేదు.

మాణిక్యప్ప రెప్ప కూడా వేయలేదు. "శుక్రారం సార్. బర్రెంటె లచ్చుమమ్మ గద. మా ఇంటి ఆడోళ్లకు భక్తి జరంత ఎక్కువ."

గొలుసువాడు కిసుక్కున నవ్వాడు. దేవానందం మాత్రం గొడుగు ముడిచి, కిష్టప్ప వైపు తిరిగాడు.

"పట్టాలో నీ పేరు కూడా ఉంది. ఆయన మాట విన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. మీ ఇంటి పంచాయితీ నాకక్కర్లేదు. కట్ట తెగితే ఈ నీళ్లు నేరుగా అక్కడికే పోతాయి. అక్కడ మనుషులు ఉంటున్నారా?"

కింద, అక్క ఇంట్లోంచి, బర్రె అరిచింది. కిష్టప్ప అన్న మొహం చూడలేదు. చూడనవసరం లేకపోయింది. తూము కింది చెక్క కళ్లముందే ఉంది, తడిగా, నల్లగా. అందులో తన పేరున ఒక గుంటెడు భూమి కూడా లేకుండా తనకు గడ్డం తెల్లబడింది.

"ఎవలు లేరు సార్."

"ఇప్పుడు లేరు. వానాకాలంలో?"

"ఎప్పుడు లేరు సార్."

ఆ 'ఎప్పుడు' అన్న మాట అన్న నేర్పింది కాదు. అతను తనంతట తనే కలిపాడు.

దేవానందం ఇంకాసేపు అతని మొహంలోకే చూశాడు. తర్వాత జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాసుకున్నాడు. "మూడో తరగతి. ఆ గట్టు పగలగొట్టుకుంటే మంచిది. కానీ నేను బలవంతం చెయ్యలేను. తెగితే పోయేది మీ చెరుకే అంటున్నారు కదా. మీ ఇష్టం."

జీపు లేపిన దుమ్ము దిగకముందే మాణిక్యప్ప తమ్ముడి భుజం తట్టాడు. చిన్నప్పటినుంచీ ఆ చెయ్యి తన భుజం మీద పడాలని కిష్టప్ప ఎన్నిసార్లు అనుకున్నాడో. పడింది. పడ్డచోట దురద పుట్టింది.

*

వాకిట్లో రుక్కమ్మ కూర్చున్నచోటే ఉంది.

"పోయిండా సారు?"

"పోయిండు" అన్నాడు మాణిక్యప్ప హుషారుగా. "మూడో తరగతి రాసిండు. అంత నీ తమ్ముని పుణ్యమే. నేను ఎంత చెప్పినా నమ్మలే. ఈడు ఒక్క మాటన్నడు, సారు నమ్మేసిండు. మొహం జూస్తె అబద్ధమాడేటోని లెక్క లేడు గద!"

రుక్కమ్మ తమ్ముడిని చూసింది.

"ఏమన్నవ్ రా?"

కిష్టప్ప ఎడ్లకు గడ్డి వేయబోయాడు.

"నిన్నే అడుగుతున్న. నన్ను అడిగిండా సారు?"

"నీ పేరు అడగలే అక్కా."

"మరి?"

"మనుషులున్నరా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

గడప దగ్గర భీమమ్మ వచ్చి నిలబడింది. అరుగు మీద ఇంద్రమ్మ బియ్యం చెరగడం ఆపింది. కిష్టప్ప చేతిలో గడ్డి చేతిలోనే ఉంది. అతను చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అందరికీ తెలిసిపోయింది.

రుక్కమ్మ ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె లేచి, కుచ్చిళ్లకంటిన దుమ్ము దులుపుకుని, ఒక బిందె, ఒక గిన్నె, గోనెసంచిలో చుట్టిన నాలుగు బట్టలు తీసుకుంది. మిగతావి అక్కడే వదిలేసింది.

"యాడికే?" అన్నాడు మాణిక్యప్ప.

"యాడా లేని కాడికి" అంటూ నడిచింది.

"అక్కా, ఆగు. బండి కడ్త—" కిష్టప్ప రెండడుగులు వేశాడు.

"నీ బండి ఒద్దు."

పొద్దు వాలకముందే బర్రెలు రెండూ పలుపుతాళ్లు ఈడ్చుకుంటూ వాటంతటవే ఇంటికొచ్చాయి. మాణిక్యప్ప చూసి పగలబడి నవ్వాడు. "తోలేసిందిరా! మొండి ఘటం. ఉండనీ. కాగితంల ఆడ ఎవలు లేరు. లేనోళ్లకు ఏమైతది? ఏమన్నయితె మాత్రం మనల్నెవలు అడుగుతరు?"

ఆ రాత్రి భీమమ్మ మాడిన రొట్టెను మొగుడి పళ్లెంలోనే వేసింది.

*

మిర్గం ఆ ఏడు మాట తప్పలేదు. కార్తె చొచ్చిన వెంటనే కంగ్టి దిక్కునుంచి మబ్బు నల్లగా లేచి, ఆగకుండా పట్టింది. ఒర్రె ఎర్రగా పొంగి కుంటలోకి దూకింది. మాణిక్యప్ప ముందే మైసమ్మకు మొక్కి వచ్చాడు. గట్టుకు పసుపు పూశాడు. వాన ఆ పసుపును కడిగేసింది. గట్టు అట్లాగే ఉంది.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం కిష్టప్ప గడ్డపార భుజాన వేసుకుని అరుగు ముందు నిలబడ్డాడు.

"అన్నా, నీళ్లు గట్టు అంచుకొచ్చినయ్. పలగ్గొడ్త."

"ఎందుకు?"

"ఎందుకేంది? మొగులయ్యోళ్లు పట్నంకెల్లి వచ్చిండ్రు. పిల్లజెల్లలతోని వచ్చిండ్రు. అక్క ఉన్నది. కట్ట నడుమల ఊట కొడ్తుంది."

"ఊట ఏటేట కొట్టేదే." మాణిక్యప్ప పీట జరుపుకుని కూర్చున్నాడు. "చూడు తమ్మీ, మొదటి తరగతి రాస్తె నేనే పలగ్గొడ్తుంటి. సర్కారు హుకుం గద, తప్పుతదా? మూడో తరగతి రాపిచ్చింది ఎవలు? నువ్వు. ఇప్పుడొచ్చి గడ్డపార చూపిస్తవేంది?"

"నువ్వు చెప్పమంటెనే గద చెప్పిన!"

"గట్లనా? సరే, నేనే చెప్పమన్న అనుకో. తూము కింది చెక్క నీకని కూడ నేనే చెప్పిన. ఊళ్లె నలుగురికి చెప్పేసిన. అంటె ఆ ఇండ్లు ఇప్పుడు నీ చెక్కల ఉన్నయ్. నీ భూమి, నీ మనుషులు, నీ పంచాయితి. కుంట మాత్రం నా పాలుకు. నా మత్తడి మీద నీ గడ్డపార పడ్డదంటె, చెక్క లేదు, చెక్కల భాగం లేదు. ఇగ నీ ఇష్టం."

చివరి రెండు మాటలూ ఇంజనీరు అన్నట్టే అన్నాడు. కిష్టప్ప గడ్డపార దించలేదు, ఎత్తనూ లేదు. దాన్ని అట్లాగే మోసుకుంటూ కట్ట దిక్కు నడిచాడు.

మళ్లీ చినుకు మొదలైంది. కట్ట మీంచి చూస్తే కుంట నిండుగా, గోధుమరంగుగా, ఒడ్డుకు మించి ఉబ్బినట్టు ఉంది. కట్ట నడుమ, కింది వాలున, ఒకచోట నీళ్లు సన్నగా బుగ్గలేస్తున్నాయి. మొన్న తేటగా ఉన్న ఆ నీళ్లలో ఇవాళ మట్టి కలిసి వస్తోంది. ఆ మట్టి ఏ తట్టలోదో, తను మోసిందో కాదో అనుకున్నాడు.

కింద మొగులయ్య తన ఇంటి కప్పు మీద కూర్చుని పగిలిన పెంకులు సర్దుతున్నాడు. కిష్టప్పను చూసి చెయ్యి ఊపాడు.

"సిన్న పటేలా! మంచిగున్నవా? సారు వచ్చిండట గద, కట్ట చూసిండట గద!"

"ఎవలు చెప్పిండ్రు?"

"పెద్ద పటేలే. బస్సు దిగంగనే కనబడ్డడు. సారు కొలిచి చూసి, మూడో తరగతి, డరేం లేదు, బేఫికర్ ఉండమన్నడట." మొగులయ్య ఇంత మొహం చేసుకుని నవ్వాడు. "నిరుడు యాడనో కుంట తెగిందని ఇన్నప్పటిసంది నా పెండ్లాం ఒకటే పరేషాన్. ఈ వానకాలం వాళ్ల తల్లిగారింటికి పోదామన్నది. నేను కూడ సరే అన్న. పెద్ద పటేలు చెప్పినంక ఇగ ఎందుకు పోతం? కప్పు నేసుకుంటున్న. మా పక్కోళ్లు కూడ ఉంటున్నరు."

పోదామనుకున్నవాళ్లు పోలేదు. మూటలు విప్పుకున్నారు.

అతను జారుకుంటూ కట్ట దిగి, అక్క ఇంటి ముందుకు వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి పొగ వస్తోంది. కొత్తగా వేసుకున్న పొయ్యి, తడికట్టెలు.

"అక్కా! బయటికి రా. ఉన్నపళంగ రా. కట్ట ఆగేటట్టు లేదు."

లోపల గిన్నె చప్పుడు ఆగింది.

"ఎవలది?"

"నేనే అక్కా. కిష్టప్పను."

"ఎవల కోసం వచ్చినవ్? ఈడ ఎవలు లేరు."

"అక్కా, కాళ్లు మొక్కుత. తిట్టు, కొట్టు, పైకి వచ్చినంక ఏమన్న చెయ్యి. నీళ్లల్ల మట్టి వస్తుంది."

తలుపు తెరుచుకుంది. రుక్కమ్మ గడప మీద నిలబడింది. పొగకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. తమ్ముడి వెనక కట్టను, కట్ట మీద బరువుగా దిగిన మబ్బును ఒకసారి చూసింది. ఆమెకు భయం లేక కాదు. అయినా గడప దిగలేదు.

"నన్నొక్కదాన్నే తీస్కపోతవా?"

"అందర్ని. అందర్ని రమ్మని నువ్వు చెప్పు. నీ మాటయితె ఇంటరు. అన్న బేఫికర్ అన్నడని వాళ్లు ఉండిపోయిండ్రు."

"నేనెందుకు చెప్పాలె? సారుకు చెప్పిన నోరు నీ దగ్గర లేదా?" ఆమె గొంతు పెద్దది చేయలేదు. "పో. ఆ మొగులయ్యకు చెప్పు. సారు ఎందుకు బేఫికర్ అన్నడో చెప్పు. ఈడ మనుషులు లేరని ఎవలు చెప్పిండ్రో చెప్పు. గది చెప్పకుంట ఒట్టిగ లెమ్మంటె లేస్తరా వాళ్లు? పెద్ద పటేలు మాట మీద నీ మాటెట్ల నిలుస్తది?"

"అది చెప్తె నన్ను నరుకుతరక్కా."

"నరకనీ."

చినుకులు పెద్దవయ్యాయి. కట్ట దిక్కునుంచి ఏదో మెత్తగా జారినట్టు చప్పుడైంది, తడిమట్టి పెళ్ల విరిగి పడినట్టు. కప్పు మీద మొగులయ్య చేతిలో పెంకు పట్టుకుని ఇటు తిరిగాడు.

"ఏంది సిన్న పటేలా? పిలిచినవా?"

అతని పెండ్లాం కూడా చంకలో పిల్లతో వాకిట్లోకి వచ్చింది. పక్క ఇంటివాళ్లు తలుపులు తీసి తొంగి చూశారు. అందరూ కిష్టప్ప వైపే చూస్తున్నారు, వానలో తడుస్తూ, అతను చెప్పబోయేది ఏదో మంచి మాటే అన్నట్టు.

కిష్టప్ప గడ్డపార కింద పడేశాడు. నోరు తెరిచాడు.